ఇంటి లెక్క: 24 హెచ్‌పీ అంటే అన్నీ ఒకటేనా?

కార్ఖానాలో గానుగ ఆగి ఆఫ్ సీజన్ మొదలైందంటే మన ఇండ్లల్లో ట్రాక్టర్ మాట లేస్తది. మూడో నాలుగో ఎకరాల పొలం ఉంటది. ఎద్దులు అమ్మేసి ఏండ్లయితది. మిరుగం దగ్గరికొచ్చేసరికి కిరాయి బండి కోసం ఊరంతా తిరగాల్సొస్తది. చదువు అయిపోయి ఇంట్లో ఉన్న కొడుకు "నాయినా, మినీ ట్రాక్టర్ తెద్దాం, మన పని చేసుకొని బయట కిరాయికి తిప్పుత" అంటడు. రిటైరైన అన్నలు చేతికొచ్చిన గ్రాట్యుటీ సొమ్ము వైపు చూసుకుంటూ అదే ఆలోచిస్తుంటరు.

ఆలోచన తప్పు కాదు. కానీ షోరూంకు పోతే వరుసగా నిలబెట్టిన చిన్న బండ్లన్నీ ఒకే తీరుగ కనిపిస్తయి. ఒకటి 24 హెచ్‌పీ, ఇంకోటి 25, మరోటి 27. ధరలో కూడా పెద్ద తేడా ఉండదు. అప్పుడు రంగు చూసో, మేనమామ చెప్పిండనో, ఎవరు తక్కువ ముందు డబ్బు అడిగితే వాళ్ల దగ్గరో కొంటరు. గ్రాట్యుటీ మనిషికి ఒక్కసారే వచ్చే సొమ్ము. అందుకే ఈ నెల లెక్క ఒకే తీరుగ కనిపించే బండ్ల మధ్య తేడా ఎట్ల పట్టాలన్న దాని మీద.

ముందు పని రాసుకోండి

బండిని చూడకముందే ఒక కాగితం మీద మన పొలం పని రాయండి. మన బీదర్ జిల్లాలో ఒక్క ఊర్లోనే ఎర్ర నేల, నల్లరేగడి రెండూ ఉంటయి. వానకాలం సోయా, కంది, పెసర, మినుము. చలికాలం శనగ, జొన్న. నీళ్లున్నోళ్లకు చెరకు, కొందరికి అల్లం. వీటిలో చిన్న బండి బాగా చేసే పనులు ఇవి: ఒకసారి దున్నిన నేలను రోటావేటర్‌తో మెత్తగా చేయడం, తేలిక గొర్రు తోలడం, విత్తనం వేయడం, సాళ్ల మధ్య కలుపు తీయడం, చెరకుకు మన్ను ఎగదోయడం, మందు కొట్టడం, ఎరువు బస్తాలు, పచ్చిగడ్డి మోసుకురావడం.

చేయలేని పనులు కూడా రాసుకోండి. ఎండకు బిగిసిన నల్లరేగడిని పల్టీ నాగలితో లోతుగా తిప్పడం 24 హెచ్‌పీ బండి పని కాదు. బండి తేలికైతది, చక్రం పట్టు దొరక్క తిరుగుతది. ఆ పనికి ఏడాదికోసారి పెద్ద బండిని కిరాయికి తెచ్చుకోవాల్సిందే.

ఇంకోటి, చెరకు తోలకం. క్రషింగ్ సీజన్‌లో మన యార్డు ముందు రెండేసి ట్రాలీలతో నిలబడ్డ బండ్లను మనం రోజూ చూస్తం. అవి 45, 50 హెచ్‌పీ, ఆపై బండ్లు. వాటి సంపాదన చూసి మినీ ట్రాక్టర్ కొంటే కుదరదు. చిన్న బండికి చెరకు ట్రాలీ కడితే లాగుడు కంటే ముందు బ్రేకు ప్రశ్న వస్తది. వెనక ఉన్న బరువు బండిని తోసేస్తది. "చెరకు సీజన్‌లో కిస్తీ తీరిపోతది" అని ఎవరన్నా అంటే, ఏ హెచ్‌పీ బండి గురించి చెప్తున్నరో అడగండి.

హెచ్‌పీ ఒకటే, ఇంజిన్ వేరు

ఇప్పుడు బండ్లను పక్కపక్కన పెడదాం. మహీంద్రా జివో 245 డీఐ 24 హెచ్‌పీ బండి, రెండు సిలిండర్లు. కుబోటా నియోస్టార్ బీ2441 కూడా 24 హెచ్‌పీ, కానీ మూడు సిలిండర్లు. ఐషర్ 242 అనేది 25 హెచ్‌పీ, ఒక్కటే పెద్ద సిలిండర్. మహీంద్రా ఓజా 2127 అంటే 27 హెచ్‌పీ, మూడు సిలిండర్లు. బెంగళూరు కంపెనీ వీఎస్‌టీ వాళ్ల ఎమ్‌టీ 270 కూడా 27 హెచ్‌పీ, అందులో నాలుగు సిలిండర్లు. చూడండి, 24 నుంచి 27 లోపలనే ఒకటి, రెండు, మూడు, నాలుగు సిలిండర్ల బండ్లున్నయి. వీటిని "అన్నీ ఒకటే" అనగలమా?

ఎక్కువ సిలిండర్లుంటే మంచిదని అనుకోవద్దు. చిన్న సిలిండర్లు ఎక్కువుంటే ఇంజిన్ వేగంగా తిరుగుతది, చప్పుడు, వణుకు తక్కువగా ఉంటయి. రోజంతా కూర్చొని నడిపేటోడికి నడుము నొప్పి తగ్గుతది. పెద్ద సిలిండర్లు తక్కువుంటే ఇంజిన్ నిదానంగా తిరుగుతది, బరువు పడ్డప్పుడు గట్టిగా నిలబడతది, ఊరి మెకానిక్‌కు విప్పి చూడటం సులువు. కానీ వణుకు ఎక్కువ. జివో 245 ఇంజిన్ నిమిషానికి 2300 చుట్లకు తన పూర్తి బలం ఇస్తది. బీ2441కి 2600 చుట్లు కావాలి. 24 హెచ్‌పీ అని రెండింటి మీదా రాసి ఉన్నా నడిపినప్పుడు అనుభవం వేరుగా ఉంటది.

బానెట్ మీద అంకె, వెనక అంకె

బానెట్ మీద రాసే హెచ్‌పీ ఇంజిన్‌ది. రోటావేటర్‌ను తిప్పేది వెనకున్న పీటీవో షాఫ్ట్. ఇంజిన్ నుంచి షాఫ్ట్ దాకా వచ్చేసరికి గేర్లలో కొంత బలం పోతది. ఒక బండిలో తక్కువ పోతది, ఒక బండిలో ఎక్కువ పోతది. అందుకే డీలర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న "పీటీవో హెచ్‌పీ ఎంత?" అని. ఇంజిన్ హెచ్‌పీ రెండు ఎక్కువున్న బండి కంటే, తక్కువున్న బండికే వెనక బలం ఎక్కువుండొచ్చు.

రెండోది లిఫ్ట్. జివో 245, బీ2441 రెండింటికీ కంపెనీ చెప్పే లెక్క 750 కిలోలు. ఓజా 2127కు 950 కిలోలు. నాలుగడుగుల రోటావేటర్ బరువు రెండు మూడు వందల కిలోలే కదా, 750 చాలదా అనిపిస్తది. కానీ ఆ 750 అనేది లింకుల కొన దగ్గర లేపే బరువు కావచ్చు. మన పరికరం బరువంతా లింకుల వెనక ఉంటది. వెనక్కు జరిగే కొద్దీ లేపే శక్తి తగ్గుతది. పరీక్షల్లో లింకుల నుంచి 610 మిల్లీమీటర్లు, అంటే రెండడుగులు, వెనక కొలిచే పద్ధతి ఉంది. "ఈ అంకె ఎక్కడ కొలిచింది?" అని రెండు డీలర్లనూ అడిగి, ఒకే చోట కొలిచిన అంకెలనే పోల్చాలి.

మూడోది వెడల్పు. ఇది పుస్తకంలో చూడొద్దు, టేపు పట్టుకొని కొలవండి. వెనక చక్రం బయటి అంచు నుంచి ఇంకో చక్రం బయటి అంచు దాకా ఎంత? మన చెరకు సాళ్ల మధ్య ఎంత? మూడడుగుల సాళ్లలో చెరకు లేచినంక ఈ 24, 27 హెచ్‌పీ బండ్లు పోవు. నాలుగు, ఐదు అడుగుల సాళ్లు పెట్టినోళ్లకే ఈ బండి మన్ను ఎగదోసే పనికొస్తది. పంట మీదుగా పోవాలంటే కింద ఎంత ఎత్తు ఖాళీ ఉందో కూడా కొలవండి.

నాలుగోది ఫోర్ వీల్ డ్రైవ్. తేలిక బండికి, నల్లరేగడికి, తడి నేలకు ఇది నిజంగా పనికొస్తది. ముందు చక్రాలు కూడా లాగితే జారుడు తగ్గుతది. ఎర్ర చెల్కలో మందు కొట్టడానికీ, గడ్డి మోయడానికే అయితే దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టే ముందు ఆలోచించండి.

ఒకే ఇంటి బండ్లు

15 హెచ్‌పీలో మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717 రెండూ ఒక్క సిలిండర్ బండ్లే. లిఫ్ట్ ఒకదానిది 778 కిలోలు, ఇంకోదానిది 780. ఇంత దగ్గరగా ఎందుకున్నయంటే ఆశ్చర్యం అక్కర్లేదు. స్వరాజ్ బండ్లు చేసే పంజాబ్ ట్రాక్టర్స్‌ను మహీంద్రా వాళ్లు 2007లో కొన్నరు. ఐషర్ ట్రాక్టర్లు 2005 నుంచి చెన్నై టాఫే కంపెనీవి. ఎస్కార్ట్స్ 2022లో ఎస్కార్ట్స్ కుబోటా అయింది. ఫార్మ్‌ట్రాక్, పవర్‌ట్రాక్, కుబోటా అన్నీ ఇప్పుడు ఒకే గొడుగు కింద ఉన్నయి.

ఇది తెలుసుకోవడం దేనికంటే, ఒకే ఇంటి బండ్ల మధ్య ఎంచుకునేటప్పుడు బండి కంటే డీలర్‌ను చూడాలి. సామాను దుకాణం ఎంత దూరం, మెకానిక్ పొలానికి వస్తడా, వస్తే ఎంత తీసుకుంటడు, క్లచ్ ప్లేటు, ఫిల్టర్, హైడ్రాలిక్ సీలు స్టాకుల ఉంటయా? జూన్‌లో మూడు రోజులు బండి ఆగితే వాన పదును పోతది, కిరాయి పోతది.

మనకు దగ్గర్లో జహీరాబాద్‌లో 2013 నుంచి మహీంద్రా ట్రాక్టర్ ఫ్యాక్టరీ నడుస్తున్నది. 2023 ఆగస్టు 15న విడుదల చేసిన ఓజా బండ్లు అక్కడే తయారైతున్నయి. మన పక్కనే తయారైతదని మురవొచ్చు గానీ, ఫ్యాక్టరీ పక్కనుంటే సామాను దొరుకుతదని కాదు. సామాను ఇచ్చేది డీలరే. హుమ్నాబాద్‌లో, భాల్కీలో, బీదర్‌లో ఆ కంపెనీ డీలర్ ఎట్లున్నడో, ఆ మోడలే రెండు మూడేండ్లుగా నడుపుతున్న రైతును అడిగి తెలుసుకోండి. కొత్తగా కొన్నోడు బండిని మెచ్చుకుంటడు. మూడేండ్లు నడిపినోడు నిజం చెప్తడు.

పరీక్ష కాగితం అడగండి

ట్రాక్టర్లను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థలు మధ్యప్రదేశ్ బుధ్నీలో, హర్యానా హిసార్‌లో ఉన్నయి. దక్షిణ ప్రాంతానికి ఒకటి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్నది. ట్రాక్టర్ల పరీక్షలో పెద్దది బుధ్నీ సంస్థ. ఆ పరీక్ష నివేదికలో పీటీవో బలం ఎంత వచ్చింది, గంటకు డీజిల్ ఎంత తాగింది, లిఫ్ట్ ఎంత లేపింది, బ్రేకు ఎంత దూరంలో ఆగింది, పరీక్షలో ఏమన్నా చెడిపోయిందా అన్నీ రాస్తరు. అందరికీ ఒకే పద్ధతిలో కొలుస్తరు కాబట్టి రెండు బండ్లను పోల్చడానికి ఇంతకంటే మంచి కాగితం లేదు. డీలర్‌ను "టెస్ట్ రిపోర్ట్ చూపించు" అనండి. ఇంగ్లిష్‌లో ఉన్నా భయపడొద్దు, అంకెలు అంకెలే. మన పిల్లలు చదివి చెప్తరు. ఇంకా అనుమానముంటే జనవాడలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగొచ్చు.

కాగితం చూసినంక పొలంలో పరీక్ష. మన పొలంలోనే, మనం కొనబోయే రోటావేటర్‌తోనే డెమో అడగండి. డీజిల్ ట్యాంకు మూతి దాకా నింపండి. అర ఎకరం తిప్పించండి. మళ్లీ మూతి దాకా నింపి ఎంత పట్టిందో చూడండి. ఎన్ని నిమిషాలైందో రాయండి. ఇంకో కంపెనీ బండికీ అదే చెక్కలో, అదే తడిలో ఇదే చేయండి. "గంటకు రెండు లీటర్లే" అనే మాట అప్పుడు తేలిపోతది.

బండి ఎన్ని గంటలు తిరగాలె?

ఇప్పుడు అసలు లెక్క. ఈ అంకెలు ఉదాహరణకే, మీ ఊరి రేట్లు వేసుకొని మళ్లీ చేయండి.

బండి, రోటావేటర్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలిపి రూ. 6.5 లక్షలనుకుందాం. చేతి నుంచి 2 లక్షలు, లోన్ 4.5 లక్షలు. వడ్డీ 12 శాతం, ఐదేండ్లు, ఆరు నెలలకో కిస్తీ. ఒక్కో కిస్తీ సుమారు రూ. 61,000 పడతది. ఏడాదికి 1,22,000. ఐదేండ్లలో కట్టేది 6.1 లక్షలు, అంటే వడ్డీయే 1.6 లక్షలు. సర్వీసు, ఇన్సూరెన్స్, టైర్ల కోసం ఏడాదికి 20,000 పక్కన పెడితే మొత్తం 1,42,000. బండి తిరిగినా, చెట్టు కింద నిలబడ్డా ఈ ఖర్చు ఉంటది.

మూడెకరాల్లో రెండు పంటలకు కలిపి 36 గంటల పని అనుకుందాం. కిరాయి గంటకు రూ. 1,000 అయితే బయటి బండికి 36,000 ఇస్తం. సొంత బండికీ డీజిల్, ఆయిల్ గంటకు 400 పడతయి. కాబట్టి గంటకు మిగిలేది 600, మొత్తం రూ. 21,600. ఇంకా 1,20,400 బయటి నుంచి రావాలి. బయట తిప్పితే 1,000లో డీజిల్ 400, నడిపేటోడికి 150 పోయి 450 మిగులుతది. లెక్క కడితే దాదాపు 270 గంటలు. రోజుకు ఎనిమిది గంటలంటే 34 రోజులు.

34 రోజులేనా అనిపిస్తది. కానీ అందరికీ పని ఒక్కసారే పడతది. జూన్‌లో కొన్ని రోజులు, దసరా తర్వాత కొన్ని రోజులు. వాన పడితే బండి దిగదు, వాన లేకుంటే విత్తనం వేయరు. ఊర్లో ఇప్పటికే నాలుగు బండ్లుంటే మనకు ఎన్ని గంటలు దొరుకుతయి? పైగా దసరా దాటితే కార్ఖానా కూడా మొదలైతది, నాయిన షిఫ్టుకు పోతడు. నడిపేటోడు కొడుకే. వాడు నిజంగా నడుపుతడా, లేక వచ్చే ఏడాది హైదరాబాద్ ఉద్యోగానికి పోతడా అన్నది కూడా ఈ లెక్కలో భాగమే.

ఐదేండ్లు దాటితే బండి మన సొంతమైతది, అప్పుడు ప్రతి గంటా లాభమే, అది కూడా నిజం. కానీ ఆ ఐదేండ్లు దాటాలి. ఏడాదికి 270 గంటలకు ఇంటి పెద్దలు, ఆడోళ్లు, కొడుకు అందరూ కూర్చొని ఊర్లో ఎవరెవరు పిలుస్తరో పేర్లు రాయండి. పేర్లు సరిపోతే కొనండి. సరిపోకుంటే ఇద్దరన్నదమ్ములు కలిసి కొనడం ఒక దారి. కిరాయికే పోవడం ఇంకో దారి. కర్ణాటకలో 2014-15 నుంచి హోబళి స్థాయిలో కృషి యంత్ర ధారె కేంద్రాలున్నయి, అక్కడి రేటు కూడా ఒకసారి కనుక్కోండి.

సంతకం పెట్టే ముందు

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 6 లక్షలున్న బండి, కంపెనీ ధర మారకుంటే, 5,62,500కు రావాలి. టైర్లు, విడిభాగాల మీద కూడా 18 నుంచి 5 అయింది. కొటేషన్‌లో పన్ను వరుస విడిగా రాయించుకోండి. తయారైన నెల, సంవత్సరం చూడండి. వారంటీ ఎన్నేండ్లు, ఎన్ని గంటలు, ఏది ముందైతే అదేనా, కాగితం మీద రాసివ్వమనండి.

సబ్సిడీ కోసం ముందు రైత సంపర్క కేంద్రానికి పోండి. పహణీ, ఆధార్, ఫ్రూట్స్ ఐడీ తీసుకెళ్లండి. కేంద్ర పథకంలో చిన్న, సన్నకారు, మహిళా, ఎస్సీ, ఎస్టీ రైతులకు 50 శాతం, మిగతావాళ్లకు 40 శాతం దాకా ఉన్నా, దానికి పై హద్దు ఉంటది. సగం ధర ప్రభుత్వమే ఇస్తదని లెక్క వేసుకోవద్దు. మీరు ఎంచుకున్న మోడల్ జాబితాలో ఉందా చూడండి. మంజూరు కాకముందే కొంటే సబ్సిడీ చేజారొచ్చు. పొలం భార్య పేరు మీదుంటే దరఖాస్తు కూడా ఆమె పేరుతోనే పెట్టండి.

లోన్ దగ్గర రెండు మాటలు. 2025 జనవరి నుంచి తాకట్టు లేని వ్యవసాయ రుణ పరిమితి 2 లక్షలు. అంతకు మించితే పొలం తాకట్టు అడగొచ్చు. షోరూంలోనే కూర్చొని లోన్ ఇచ్చే ఫైనాన్స్ వాళ్ల వడ్డీ, బ్యాంకు వడ్డీ పక్కపక్కన రాయించుకొని చూడండి. తోటి కార్మికుణ్ని జమానతు అడిగే ముందు, కిస్తీ ఆగితే అతని ఇంటికి కూడా నోటీసు పోతదని గుర్తుపెట్టుకోండి.

చివరిగా ప్రాణం మాట. చిన్న బండి కదా అని మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టొద్దు. తిరిగే పీటీవో షాఫ్ట్ చీర కొంగును, ధోవతిని, తువ్వాలను లాగితే చేయి తీసుకునే వ్యవధి ఉండదు. షాఫ్ట్ మీద కవరు లేని బండిని డెలివరీ తీసుకోవద్దు. సన్నటి బండి గట్టు ఎక్కేటప్పుడు పక్కకు ఒరిగే గుణం ఎక్కువ, గట్టుకు ఎదురుగా నిదానంగా ఎక్కించాలి.

కాబట్టి షోరూంకు పోయేటప్పుడు జేబులో పెట్టుకోవాల్సిన కాగితం ఇది: పీటీవో హెచ్‌పీ, లిఫ్ట్ ఎక్కడ కొలిచింది, చక్రాల వెడల్పు, అర ఎకరానికి డీజిల్, సామాను ఎంత దూరం, పన్ను విడిగా, వడ్డీ ఎంత, బయటి పని 270 గంటలు ఎవరిది. ఒక్కో బండికి ఒక్కో గడి గీసి నింపండి. ఏ గడి ఖాళీగా ఉంటే ఆ ప్రశ్నకు జవాబు వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు. బండి ఎక్కడికీ పోదు, వచ్చే వారం కూడా షోరూంలోనే ఉంటది.